గోరింటాకు మర్నాడు కటింగ్ బంద్

మా ఫుప్పూ పోయిన కబురు నాకు తెనాలి స్టేషన్లో తెలిసింది. ఫుప్పూ అంటే మేనత్త, మా అబ్బాకి అక్క. రేపల్లెలో చుట్టాలింట్లో నిశ్చితార్థానికి వెళ్లి తిరిగొస్తూ, బాపట్ల బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. మా జీడిపప్పు షెడ్డు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "అమ్మా, ఓనరమ్మ పోయారమ్మా" అన్నాడు. "పొద్దున్నే తాగొచ్చావా ఏంటి, పిచ్చివాగుడు వాగకు" అని కసిరాను. అతను ఏడుస్తూనే, "నిజమేనండి, కుళాయి దగ్గర స్టూలు మీద కూర్చునే ఒరిగిపోయారండి" అన్నాడు. బండి వచ్చింది, ఎక్కాను. కిటికీ పక్క సీటు కోసం ఒకావిడతో పోట్లాడాను కూడా. ఎవర్నో ఒకర్ని తిట్టకపోతే అక్కడే ఏడ్చేసేదాన్ని.

ఇంటికెళ్లేసరికి జనం. అందరి నోటా ఒకటే మాట, ఎంత మంచి మనిషి, ఎంత మంచి మనిషి. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. మూడో రోజు జియారత్ ప్రార్థనలకి వేటపాలెం వైపు షెడ్డున్న ఒక పెద్దమనిషి తెల్లచొక్కా వేసుకొచ్చి, వరండాలో కుర్చీలో కూర్చుని, "ఆవిడ పనివాళ్ల పాలిట తల్లమ్మా" అన్నాడు. టీ గ్లాసు ఆయన చేతిలో పెడుతూ, "మరి మొన్నటిదాకా సబ్బుల బీబీ అని ఆడిపోసుకున్నారు కదండి మీరంతా" అన్నాను. ఆయన టీ సగం తాగి లేచాడు. మా అమ్మ లోపలికి లాక్కెళ్లి చీవాట్లు పెట్టింది, చావింట్లో ఇదేం నోరే అని. ఏం చెయ్యను, ఆ నోరు ఎవరి దగ్గర నేర్చుకున్నానో అందరికీ తెలుసు.

కాబట్టి నేను రాసేది కూడా మంచి మనిషి గురించి కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ నోరు మంచిది కాదు, ఆవిడకి ఏ ఊరూ మంచిది కాలేదు. పనిలోకొచ్చిన ఆడాళ్లు ఆవిణ్ణి తిట్టుకోని రోజు లేదు. నేను ఆ షెడ్డు చూసుకుంటూ ఆవిడ కింద పనిచేసిన ఇన్నేళ్లలో, ఆవిడ నన్ను మెచ్చుకున్న మాట ఒక్కటి గుర్తు చేసుకుందామంటే రావట్లేదు. అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఆవిణ్ణి మట్టి చేసి వారం తిరక్కముందే ఆవిడ పెట్టిన పద్ధతిని కూడా మట్టి చెయ్యాలని చూశారు, చూసింది ఎవరో కాదు, ఆవిడ కన్న కొడుకు. నేను భాయ్ అని పిలుస్తాను. తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టుంది. షెడ్డు ఇప్పుడు అతనిదే. నాలుగో రోజు నన్ను పిలిచి, "ఆషాఢం వస్తోంది. ఈసారి ఆ గోరింటాకు బంద్‌లూ గిందులూ వద్దు. అమ్మీ ఛాదస్తం అమ్మీతోనే పోయింది" అన్నాడు.

ఆ ఛాదస్తం ఏంటో చెప్పాలి. జీడిగింజ లోపల పప్పు ఎంత తెల్లగా, తియ్యగా ఉంటుందో, పైన పెంకులో ఉండే నూనె అంత విషం. జీడి అంటే మనకి తెలియందేముంది, ఒంటికి తగిలితే పొక్కిపోతుంది. గింజని ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి, మర్నాడు కటింగ్ మిషన్ల మీద కొడతారు. ఒక చేత్తో గింజ పెట్టి, కాలితో పెడల్ తొక్కి, ఇంకో చేత్తో హ్యాండిల్ తిప్పితే పెంకు చీలుతుంది. చీలినప్పుడు నూనె చిమ్ముతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. గ్లౌజులు ఇస్తాం, వేసుకుంటే గింజ జారుతుందని పక్కన పెడతారు. కిలోల లెక్కన పని కదా, చెయ్యి ఎంత గబగబా ఆడితే అంత. అందుకని వేళ్లు నల్లబడి, తోలు ఊడి, కొంతమందికి వేలిముద్ర కూడా పడదు.

పొద్దున్నే గేటు దగ్గర మా ఫుప్పూ నిలబడేది. నెత్తి మీద కొంగు, కళ్లజోడుకి కట్టిన దారం, దవడలో వక్కపలుకు. "చేతులు చూపించవే." అదే ఆవిడ నమస్కారం, అదే ఆవిడ సలాం. రెండు చేతులూ చాపితే అరచేతుల్లో ఆముదం తనే పోసేది. మోచేతుల దాకా రాసుకుంటే కానీ లోపలికి పోనిచ్చేది కాదు. గ్లౌజు లేకుండా మిషన్ మీద కూర్చున్నది కనపడితే పెడల్ మీద కాలు పెట్టి మిషన్ ఆపేసేది. "కిలోలు తగ్గుతున్నాయి ఓనరమ్మా" అని ఎవరన్నా గొణిగితే, "జీడికి మొహమాటం లేదమ్మా, నీ కిలోలు అది చూడదు" అనేది.

ఇదంతా ఒక ఎత్తు, టిఫిన్ బెల్లు కొట్టాక జరిగేది ఇంకో ఎత్తు. బెల్లు కొట్టగానే కుళాయి దగ్గర స్టూలేసుకుని కూర్చునేది. ఒక్కొక్కళ్లూ బూడిదతో రుద్ది, సబ్బుతో కడిగి, ఆవిడ ముందుకొచ్చి చేతులు చాపాలి. ఆవిడ వాసన చూసేది. అవునండి, వాసనే. పెద్దదీ చిన్నదీ లేదు, మనవలున్న ముసలమ్మ అరచేతులు కూడా ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, సబ్బు వాసన వస్తేనే "పో, తిను" అనేది. జీడి వాసన తగిలితే, "మళ్లీ కడుక్కు చావు. ఆ చేత్తో ముద్ద తింటావా, ఆ చేత్తోనే కన్ను నలుపుకుంటావా, దిక్కుమాలినదానా" అని అందరిముందూ కడిగేసేది. ఎంత అవమానంగా ఉండేదో మీరే ఊహించుకోండి. "మా అత్త కూడా ఇంత అనుమానించదు నన్ను" అని ఒకావిడ ఏడ్చింది కూడా. "మీ అత్తకి నువ్వు గుడ్డిదానివైతే ఏంటి నష్టం, ఇంకో కోడల్ని తెచ్చుకుంటుంది" అంది మా ఫుప్పూ. అదీ ఆవిడ ఓదార్పు.

మిగతా షెడ్ల వాళ్లు నవ్వేవాళ్లు. సబ్బుల బీబీ అన్న పేరు అప్పుడు పడిందే. వాళ్ల షెడ్లలో కూడా గ్లౌజులున్నాయి, లేవని కాదు. ఆఫీసరు వచ్చే రోజున బయటికొస్తాయి, పెళ్లిళ్లకి పట్టుచీరలు బయటికొచ్చినట్టు. గోడ మీద బోర్డు కూడా రాయిస్తారు, చక్కగా రంగులేసి, భద్రత మన బాధ్యత అని. ఆ బోర్డు కిందే ఆడాళ్లు ఒట్టి చేతుల్తో గింజలు కొడుతుంటారు. ఒకసారి ఎవరో మా ఫుప్పూకి సలహా ఇచ్చారు, మీరూ ఒక బోర్డు రాయించి వదిలెయ్యండి, చదువుకుని వాళ్లే జాగ్రత్త పడతారు, మీ పూచీ ఉండదు అని. "బోర్డు కడుగుద్దా చేతులు?" అంది. మా గోడ మీద ఇప్పటికీ బోర్డు లేదు.

ఆవిడ కూడా ఒకప్పుడు గింజలు కొట్టిందే. పెళ్లయిన కొత్తలో వేటపాలెంలో ఒక షెడ్డులో పనిచేసింది. ఆ రోజుల్లో గ్లౌజులేంటి, సబ్బేంటి, పెంకు కాల్చిన పొగలోనే కూర్చుని కొట్టేవాళ్లట. పక్కనే కూర్చునే పిల్లకి కంట్లో జీడి పడింది. ఓనరు ఆ పూటకి ఇంటికి పొమ్మని, బద్దలైన పప్పు ఒక సంచిలో పోసిచ్చాడు. కన్ను పోయింది. ఈ సంగతి ఆవిడ నాకు దాచీ చెప్పలేదు, ఏడుస్తూనూ చెప్పలేదు. ఒకరోజు పప్పు గ్రేడు చేయిస్తూ, బద్దలు వేరే పోగు పెడుతూ, "కంటికి బదులు ఇదిగో ఇవి ఇచ్చాడే, వాడి జిమ్మడ" అంది. ఆ ఓనరు చచ్చి ఎన్నేళ్లయిందో! ఆవిడ కోపం మాత్రం చావలేదు. నాకు ఆవిడలో నచ్చిన గుణం ఏదన్నా ఉందంటే అదే. క్షమించడం రాదు ఆవిడకి.

ఇక గోరింటాకు సంగతి. మా షెడ్డులో హిందువుల ఆడాళ్లు ఎక్కువ, మావాళ్లు కొంతమంది. ఆషాఢంలో వాళ్లు గోరింటాకు పెట్టుకుంటారు, రంజాన్‌కి మావాళ్లు మెహందీ పెట్టుకుంటారు. పెట్టుకున్న మర్నాడు ఎవరూ చేతికి సబ్బు తగలనివ్వరు. ఆ ఒక్క రోజూ సబ్బు పెట్టకపోతే రంగు ముదురుతుంది కదా. మామూలు ఇళ్లల్లో అది ముచ్చట. జీడి షెడ్డులో అది ప్రాణం మీదికి తెస్తుంది. మాకు ఆ సంగతి పద్మ వల్ల తెలిసొచ్చింది.

పద్మ పెళ్లికి ముందు తల్లితోపాటు మా షెడ్డుకి వచ్చేది. పొన్నూరు ఇచ్చారు. పెళ్లయిన మొదటి ఆషాఢం, అత్తా కోడలూ ఒక గడప దాటకూడదని పుట్టింటికి పంపించారు. ఊరికే కూర్చోవడం ఎందుకని తల్లి వెంట పనిలోకి వచ్చింది. ముందురోజు చేతులకి నిండుగా గోరింటాకు పెట్టుకుంది. కొత్త పెళ్లికూతురు, గోరింటాకు ఎంత ఎర్రగా పండితే మొగుడికి అంత ప్రేమంటారు, అందరూ దాని చేతులు పట్టుకుని ఆటపట్టిస్తున్నారు. ఆ రోజు మా ఫుప్పూ బాయిలర్ రిపేరు గొడవలో ఉండి కుళాయి దగ్గర లేదు. పద్మ సబ్బు పెట్టలేదు, ఉత్త నీళ్లతో వేళ్లు తడుపుకుని గోంగూర పచ్చడి అన్నం తింది. పచ్చడి కారానికి కళ్లల్లో నీళ్లొస్తే వేలితో తుడుచుకుంది.

ఆ కేక నాకు ఇప్పటికీ వినపడుతుంది. పిల్ల నేల మీద పడి గిలగిలా కొట్టుకుంటుంటే అందరూ చుట్టూ చేరారు. ఒకావిడ కొంగుతో ఆవిరి పట్టబోయింది, ఒకావిడ చనుబాలు పిండమంది. మా ఫుప్పూ బాయిలర్ దగ్గర్నుంచి వచ్చి, ఒక్క మాట కూడా అడక్కుండా, పద్మని జుట్టు పట్టుకుని కుళాయి కిందికి ఈడ్చింది. రెండు వేళ్లతో కనురెప్పలు విప్పి పట్టుకుని నీళ్లు వదిలింది. పిల్ల గీపెడుతోంది, రక్కుతోంది, ఆవిడ చెయ్యి కొరికింది కూడా. ఆవిడ వదల్లేదు. "మూసుకోకే, మూసుకున్నావంటే చంపేస్తాను, తెరువు, తెరువే ముండా" అని తిడుతూనే ఉంది. ట్యాంకులో నీళ్లు తగ్గితే డ్రమ్ములోంచి పొయ్యమంది. చాలాసేపయ్యాక ఆటోలో పడేసుకుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారిలో కూడా బాటిల్తో నీళ్లు పోస్తూనే ఉంది. డాక్టరు గారు చూసి, ఇంతసేపు కడక్కపోతే కన్ను దక్కేది కాదన్నారు. ఆ మాటకి మా ఫుప్పూ ఆసుపత్రి మెట్ల మీద కూలబడింది.

దీనికి దండలేస్తారనుకుంటున్నారా? మర్నాడు పొన్నూరు నుంచి పద్మ అత్తగారు దిగింది. "పుట్టింటికి పంపితే గుడ్డిదాన్ని చేసి పంపుతారా? మా కోడల్ని జుట్టు పట్టి ఈడుస్తావా, నువ్వెవతివి?" అని గేటు ముందు దుమ్మెత్తిపోసింది. మా ఫుప్పూ మెట్టు దిగలేదు. "జుట్టు మళ్లీ పెరుగుద్దమ్మా. కన్ను మొలుస్తుందా?" అంది. పద్మ తల్లి వెళ్లి ఆ వియ్యపురాలి పక్కనే నిలబడింది.

ఆ తర్వాత పెట్టింది ఈ పద్ధతి. ఆషాఢంలో ఒక రోజు తనే చెప్పేది, ఫలానా సాయంత్రం అందరూ గోరింటాకు పెట్టుకోండి, ఎవరికి వాళ్లు వేరే రోజున పెట్టుకుంటే ఊరుకోను అని. మర్నాడు కటింగ్ బంద్. ముందురోజు గింజ ఉడకబెట్టించేది కాదు. ఎర్ర చేతులతో వచ్చినవాళ్లు పచ్చిగింజ ఎండబొయ్యడం, గోనెలు కుట్టడం లాంటి పనులు చెయ్యాలి, మామూలు రోజుకూలి ఇస్తుంది. కిలోల లెక్కన వచ్చేదాని కంటే అది తక్కువ. ఇక చూడండి రభస. పెట్టుకోనివాళ్లమైనా మేం గింజలు కొట్టుకుంటామని కొందరు. "పెట్టుకోకుండా ఎందుకు, నువ్వూ పెట్టుకోవే, ఆడదానివి కాదూ" అనేది ఆవిడ. ఒకళ్లకి తెరిచి ఒకళ్లకి మూస్తే, కూలి కోసం గోరింటాకు మానేసే పిల్లలుంటారని ఆవిడకి తెలుసు. కానీ ఆ సంగతి వివరంగా చెప్పి ఒప్పించే ఓపిక ఆవిడకి లేదు. తిట్టి ఒప్పించేది.

మొదటి ఏడాదే కొంతమంది మగవాళ్లు వచ్చారు. మా ఆడాళ్ల ఆషాఢం మీద మీ పెత్తనం ఏంటని అడిగారు. ఆ అడగడంలో ఇంకో అర్థం ఉంది, అది అందరికీ తెలుసు. ఆవిడ స్టూలు మీంచి లేవకుండా, "రంజాన్‌కి కూడా రండి బాబూ. మా పిల్లల్ని ఇలాగే బయట నిలబెడతాను. అప్పుడు కూడా ఇంత పౌరుషంగా వచ్చి అడగండి, ఎందుకు నిలబెట్టావని" అంది. వాళ్లు గొణుక్కుంటూ వెళ్లిపోయారు. రంజాన్ వచ్చింది. అన్నమాట ప్రకారం మెహందీ మర్నాడు కూడా కటింగ్ బంద్ చేసింది. బయట నిలబెట్టింది ఎవర్నో తెలుసా? నన్ను. కటింగ్ షెడ్డులోకి నేను గింజలు కొట్టడానికి కాదు, లైట్లు చూడ్డానికి వెళ్తున్నాను. "చేతులు చూపించు" అంది. మెహందీ చేతులు. అందరూ చూస్తుండగా, "బయటికి నడు. నీకు కొమ్ములున్నాయా?" అంది. సొంత తమ్ముడి కూతుర్ని, మేనేజర్ని, పండగ ముందు, రోడ్డు మీద నిలబెట్టింది. మా మసీదు వీధి ఆడాళ్లు నోళ్లు నొక్కుకున్నారు, పండక్కి చేతులు ఎర్రబడితే గెంటేసే ముసల్మాన్ ఆడది నువ్వొక్కదానివే అని ఆవిడ మొహం మీదే అన్నారు. నేను ఆ పండక్కి ఆవిడింటికి సేమ్యా తినడానికి కూడా వెళ్లలేదు. ఇప్పుడు ఆవిడ లేదు, ఆ కోపం మాత్రం నాకు పోలేదు. పోవాలని కూడా లేదు. ఆవిడ చేసింది సరైనదే, అయినా కోపమే.

చివరి రెండేళ్లూ ఆవిడకి ఆయాసం. వయసులో పీల్చిన పొగ ఊరికే పోతుందా! నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేది. ఇంట్లో కూర్చోమంటే వినదు. ఆటో ఎక్కించుకుని వచ్చి, కుళాయి దగ్గర కూర్చుని, చేతుల వాసన చూసేది. అప్పటికి ముక్కు సరిగ్గా పనిచేసేది కాదు, ఆ సంగతి నాకు తెలుసు. ఆడాళ్లకి కూడా తెలుసనుకుంటాను. అయినా ఒక్కళ్లు కూడా కడుక్కోకుండా ముందుకి వచ్చేవాళ్లు కాదు. ప్రేమ అని చెప్పను. భయం. ఆ భయం కోసం ఆవిడ జీవితమంతా నానా మాటలూ పడింది.

ఇదండీ భాయ్ ఛాదస్తమన్నది. నాలుగో రోజు ఆ మాటంటే నేను నోరు మూసుకున్నాను, ఇంట్లో జనం ఉన్నారని. ఆషాఢం రాగానే, ఆవిడ ఎప్పుడూ చేసినట్టే నేను ఒక రోజు చెప్పాను. ఆడాళ్లు గోరింటాకు నూరుకున్నారు. ఆ రోజు నేను బ్యాంకు పని మీద ఊళ్లోకి వెళ్లి వచ్చేసరికి బాయిలర్ వెలుగుతోంది. భాయ్ తెనాలి నుంచి ఫోన్ చేసి గింజ ఉడకబెట్టమన్నాడట. ఉడికిన గింజ మర్నాడు కొట్టకపోతే పప్పు ముక్కలవుతుంది, అందరికీ తెలిసిందే. నా చేతులు కట్టెయ్యడానికి చేసిన పని. ఫోన్ చేశాను. "భాయ్, ఎవరి కన్ను పెట్టి వ్యాపారం చేద్దామని?" అన్నాను. "నాటకాలొద్దు. గ్లౌజులు ఇస్తున్నాం, సబ్బులు ఇస్తున్నాం. వాడుకోకపోతే అది వాళ్ల ఖర్మ. ఓనరుగా నా పని నేను చేశాను" అన్నాడు. "సబ్బు ఇవ్వడం కాదు ఓనరు పని, సబ్బు పెట్టుకునేదాకా నిలబడ్డం ఓనరు పని" అన్నాను. "రేపు కటింగ్ ఆగితే ఎల్లుండి నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు.

పొద్దున్నే వెళ్లి కటింగ్ షెడ్డుకి తాళం వేసి గేటు దగ్గర నిలబడ్డాను. ఆడాళ్లు వచ్చారు. ఎండబొయ్యడానికి పచ్చిగింజ బయటికి తీయించాను, గోనెలు పెట్టించాను. ఎవరూ ముట్టుకోలేదు. "గింజ ఉడికిందంటగా, తలుపు తియ్యండి" అన్నారు. "బంద్" అన్నాను. "ఓనరమ్మ పోయిందిగా, ఇంకా ఈ బంద్ ఏంటండి?" అంది ఒకావిడ. "సార్ చెయ్యమన్నారంటగా, మధ్యలో నీ పెత్తనం ఏంటి?" అంది ఇంకొకావిడ. స్కూళ్లు తెరిచారు, పిల్లల పుస్తకాలు కొనాలి, నీకు పిల్లలుంటే తెలిసేది అని ఇంకెవరో అన్నారు. ఆ మాట సూదిలా దిగింది. నాకు పిల్లల్లేరు, నిజమే. అందరికంటే పెద్ద గొంతు ఎవరిదనుకున్నారు? పద్మది. దాని మొగుడు పొన్నూరు వదిలేసి ఇక్కడే ఆటో తోలుకుంటున్నాడు, అది మళ్లీ మా దగ్గరే పనికి వస్తోంది. "నాకు తెలీదా జాగ్రత్త? నాకంటే ఎవరికి తెలుసు? కడుక్కుంటాను, తియ్యండి" అంటోంది. అరచేతులు వెనక్కి పెట్టుకుని అంటోంది.

"చూపించు చేతులు" అన్నాను.

చూపించలేదు. "కడుక్కుంటానంటున్నాగా!"

"అయితే ఇప్పుడు కడుగు. కుళాయి అక్కడే ఉంది, సబ్బు అక్కడే ఉంది. బూడిదతో రుద్ది, నా ముందు కడుగు, తలుపు తీస్తాను." కుళాయి తిప్పాను. నీళ్లు ధారగా పడుతున్నాయి. పద్మ కుళాయి వైపు చూసింది, నా వైపు చూసింది. మిగతావాళ్లు కూడా ఎవరూ కదల్లేదు. ఎర్రగా పండిన చేతులు, ఇంకో పూట ఆగితే ఇంకా ఎర్రనవుతాయి. ఏ ఆడది కడుగుతుంది? మా ఫుప్పూ మీద ఒట్టు, నేనైనా కడగను.

పద్మ కాండ్రించి ఉమ్మింది, నేల మీదే అనుకోండి. "ముసల్ది పోయిందనుకుంటే ఇది దాపురించింది" అంది, నాకు వినపడేటట్టే. అందరూ గేటు దాటి రోడ్డవతల టీకొట్టు పందిరి కిందికి వెళ్లి నిలబడ్డారు. ఫోన్ మోగుతోంది, భాయ్. ఎత్తలేదు. లోపల ఉడికిన గింజ చల్లారుతోంది, అది ముక్కలవుతుంది, రేపు నా ఉద్యోగం కూడా అంతే. నాకు భయంగానే ఉంది. చెప్పుకోడానికి ఎవరూ లేరు, ఆ మనిషే ఉంటే ముందు నన్నే తిట్టేది, బాయిలర్ వెలిగేదాకా ఏం చేస్తున్నావే అని.

గేటు పట్టుకుని నిలబడ్డాను. ఎండ ముదిరింది. అవతల పందిరి కింద నుంచి చేతులు తిప్పుతూ తిడుతూనే ఉన్నారు, బస్సు అడ్డం వచ్చినప్పుడు తప్ప నా మీంచి చూపు తిప్పడంలేదు. చంపేద్దామన్నంత కసిగా చూస్తున్నారు. పద్మ అందరికంటే ముందుకొచ్చి, రోడ్డు అంచున, రెండు కళ్లూ చిట్లించి చూస్తోంది. నేనూ వాళ్ల వైపే చూస్తున్నాను, ఒక్కొక్కళ్ల మొహం, ఒక్కొక్కళ్ల కళ్లు. అన్నీ బాగున్నాయి.